పొదుగుకు కూసున్న పిట్ట

"నేను కొయ్య" అన్నది మా అత్త, కత్తిపీటను కాలితోని పక్కకు జరిపి.

రోట్ల మసాల నూరుతున్న నా చెయ్యి ఆగింది. వియ్యాలోళ్లను తోలుకరానికి మా మరిది రాజం ఎడ్ల కచ్చురం కట్టుకుని మోటరు బస్సు ఆగే కాడికి పోయి చానసేపైంది. పందిరి కింద చాపలు పరిచి ఉన్నయి. మోదుగాకు ఇస్తార్లు కడిగి బోర్లిచ్చి పెట్టిన. ఎసరు కుతకుత ఉడుకుతుంది. గీ గడియల గీ మాటేందని ఆమె దిక్కు చూసిన.

మా అత్త కమలవ్వ ఒళ్ల పిట్ట ఉన్నది. బట్టమేక. పేరుల మేక ఉన్నది గని అది బీడు భూములల్ల తిరిగే పెద్ద పిట్ట. మా ఇంటి పుంజులు రెండు కలిపినా దాని ఎత్తు రావు. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి కుచ్చు. కాళ్లు కట్టేసి ఉన్నా అది అరుస్తలేదు, పెనుగులాడుతలేదు. అత్త కుడిచెయ్యి దాని కడుపు కింద ఉన్నది. తియ్యలే.

"కడుపు మీద బొచ్చు రాలింది. కాక కొడుతుంది" అన్నది. "ఇది పొదుగుకు కూసున్న పిట్ట. పొదుగుకు కూసున్నదాన్ని ఎవలన్న కోస్తరా?"

కొయ్యరు. ఆ మాట నాకూ ఎరుకే. మా దిక్కు ఏ ఇంట్లనైనా గంతే. కొత్త అల్లుడు వచ్చి గడపల నిలబడ్డా సరే, పోశమ్మకు మొక్కు ఉన్నా సరే, గుడ్ల మీద కూసున్న కోడిని ముట్టరు. ఇంకో కోడిని పట్టుకొస్తరు. గని ఆ ధర్మం అడివి పిట్టకు గూడ ఉంటదని మా ఇంట్ల ఇన్నేండ్ల సంది ఎవలికీ తోచలే.

అరుగు మీద కూసున్న మా మామ సిద్దిరాములు పటేల్ ఆ మాట విని లోపలికి వచ్చిండు. కొత్త రుమాలు చుట్టుకుని, మీసాలకు నూనె రాసుకుని పెండ్లికొడుకు తీరు ఉన్నడు. ముందుగాల నవ్విండు. అడివిపందిని కొట్టేటప్పుడు నీకు నెల తప్పిందా అని అడిగి కొడుతున్నమా అని మా అత్తను పరాచికం ఆడిండు. ఆమె నవ్వకపోయేసరికి ఆయన నవ్వు మీసాల్లనే ఆగిపోయింది.

ఆయన పరేషాన్ గాకేంజేస్తడు! ఊరంత మమ్మల్ని బట్టమేకోళ్లనే పిలుస్తరు. అసలు ఇంటిపేరు ఏందో మా చుట్టాలకే మతికుండది. మా మామ వాళ్ల బాపు నైజాం జమానాల తాలూక్‌దార్ సాబ్‌కు డేరాల బట్టమేక కూర పెట్టిండట. సాబ్ మెచ్చి భుజం తట్టిండట. గప్పటి సంది మా ఇంట్ల ఏ సంబంధం కలిసినా గీ కూరతోనే కలవాలె. నా పెండ్లికీ గదే. నైజాం పోయిండు, హైద్రాబాద్ రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మా ఇంటి కూర మాత్రం ఎక్కడికీ పోలే.

ఇయ్యాల వస్తున్న లక్ష్మీరాజం కరీంనగర్ల బియ్యం మిల్లు నడిపే ఆసామి. వాళ్ల బాపు ఒకనాడు మా ఇంట్ల గీ కూర తిని పోయి, సచ్చేదాంక దాని సంగతే చెప్పిండట. అందుకే ఆయన ముందే మాట పంపిండు. పిల్లగాడు నచ్చిండు, ఇల్లు చూడ వస్తం, గని మా బాపు తిన్న కూర మాకూ పెట్టాలె, అది తింటేనే మాట కలిసినట్టు అన్నడు. మా మామకు అది నెత్తి మీద కిరీటం పెట్టినట్టే అయింది. తప్పక పెడుతమని మీసం మెలేసి జవాబు చెప్పి పంపిండు.

పెండ్లికొడుకు రాజం సంగతి వేరే. చేసుకుంటె గా మిల్లు ఆసామి పిల్లనే చేసుకుంట వదినా, లేకుంటె గిట్లనే ఉంట అని నాతోని ఎప్పుడో చెప్పిండు. ఆ పిల్లగాని బతుకు గూడ గీ పిట్ట కాళ్లకు కట్టిన తాడుకే ముడివడి ఉన్నది.

"మన గింజ ఒక్కటి తినలేదది" అన్నది మా అత్త మామతోని. "ఇంటి కోడికన్నా మేత పెట్టినమని చెప్పుకోవచ్చు. దీనికి మనమేం పెట్టినం హనుమంతు బాపూ?"

మామ కొట్టం దిక్కు తిరిగి, నబీ, నబీ అని పిలిచిండు.

గులాం నబీ వాళ్ల నాయిన కాలం నుంచి మా ఇంటికి వేటమాంసం తెచ్చేటాయన. మా అత్తను అక్కా అని పిలుస్తడు. గా పొద్దున పిట్టను సైకిల్ మీద తెచ్చింది గాయనే. వచ్చిండు గని గడప దాటలే, దర్వాజ కాడనే నిలబడ్డడు. ఆ నిలబడ్డ తీరు చూస్తేనే నాకు సగం సమజైంది.

"గుడ్డు ఉండెనా నబీ?" అని అడిగింది అత్త.

నబీ నేల చూపులు చూసిండు. "ఉండె అక్కా. ఒక్కటే. ఎండ తగలొద్దని గడ్డి కప్పి వచ్చిన."

"కప్పినోనివి ఎందుకు పట్టినవ్?"

పటేల్ మాట కాదనలేక పట్టిన అన్నడు. ఇగ ఆపుకోలేక అన్నీ చెప్పిండు. వాళ్ల నాయిన ఉన్నప్పుడు జొన్న కోసిన చేన్లల్ల మందలకు మందలు దిగేటివట. ఇప్పుడు నల్లరేగడి బీడంత దున్ని పత్తి పెడుతున్నరు. మిగిలిన బీడుల రాత్రిపూట జీపులేసుకుని, లైట్లు కొట్టి, సరదాకు కాల్చేటోళ్లు వస్తున్నరు. గీ ఎండకాలమంత తిరిగితే ఆయనకు కండ్లబడ్డది గీ ఒక్క పెట్టే. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట అది. వచ్చే ఏడు పటేల్ అడిగితే ఏం తెచ్చి చూపియ్యాల్నో నాకే తెల్వదు అని రుమాలుతోని మొఖం తుడుచుకున్నడు.

మా మామ నోట మంచిమాట వస్తదేమో అనుకున్న. రాలే.

"అయితే ఆఖరుది బట్టమేకోళ్ల ఇంట్ల వండిన్రని చెప్పుకుంటరు" అన్నడు.

"చెప్పుకుంటరు" అన్నది మా అత్త. "గదే నా భయం."

పొయ్యిల కట్టె చిటపటమన్నది. నేను లేచి ఎసరు కిందికి దించిన.

గప్పుడు వచ్చిండు మా ఆయన, హనుమంతు. ఏదన్న గడబిడ అయితే అడ్డదారి వెతకుట్ల ఆయన తర్వాతనే ఎవలైనా. గింత దానికి ఫికర్ ఎందుకు బాపూ, రెండు పుంజులు కోసి గదే మసాల పెట్టి వండితే కరీంనగర్ మనిషికి తేడా తెలుస్తదా, ఆయన నాలికె ఎన్నడన్న బట్టమేకను చూసిందా అన్నడు. తిన్నది ఆయన బాపు, ఆ బాపు పైకి పోయిండు, సాక్ష్యం చెప్ప ఎవలొస్తరు అని తన తెలివికి తానే మురిసిండు.

మాట వరుసకు అది మంచి ఉపాయమే. వేరే ఇంట్లనైతే నడుస్తది. మా ఇంట్ల నడువది. మా ఇంట్ల వడ్డించే ఆడిమనిషి ప్రతిదాని పేరు గట్టిగ చెప్పాలె. ఇస్తారి ముంగట వంగి, పేరు చెప్పి, కూసున్నోళ్లు తలూపినంకనే గంటె వంచాలె. ఎప్పుడో మాంసం ఇడిసిపెట్టిన ఒక పెద్దమనిషికి తెల్వక మాంసపు పులుసు పడ్డదట. ఆయన లేచి చెయ్యి కడుక్కుని పోయి మళ్ల మా గడప తొక్కలేదట. గప్పటి సంది ఎవలి ఇస్తారిల ఏం పడుతుందో వాళ్లకు తెల్వాలె అని మా మామ తల్లి కట్టుబాటు పెట్టింది. ఉప్పు వేసినా ఉప్పు అని చెప్పే ఇల్లు మాది.

"మీ నాయినమ్మ పెట్టిన కట్టు మీదనే మన్ను పోస్తవారా?" అన్నడు మా మామ కొడుకును. "కోడిని పట్టుకుని బట్టమేక అని నా ఇంటి ఆడిది చెప్పాల్నా?"

నిజం చెప్తున్న, గా ఒక్క మాటకు మా మామ నాకు ముద్దొచ్చిండు. కోపిష్టి, మొండి, పేరు పిచ్చోడు. గని ఇంటి మాట అంటె పాణం. మా అత్త గూడ గా మాటకు తలెత్తి ఆయన మొఖం దిక్కు చూసింది.

చూసి ఏం లాభం. ఆయన నా దిక్కు తిరిగిండు.

"అనసూర్యా, నువ్వు వండు. కోసేది నబీ కోస్తడు. మీ అత్త చేతకాదంటుంది. రేపటి సంది గీ ఇంట్ల పెద్ద పొయ్యి నీది."

గా పొయ్యి కోసం నేను మా అత్తతోని ఎన్ని మాటలు పడ్డనో, ఎన్ని అన్ననో ఊరికే ఎరుక. గీ ఇంటికి వచ్చిన సంది మసాల నూరేది నేను, కట్టెలు ఎగదోసేది నేను. కూర దించే ముంగట మాత్రం, నీళ్లు తేపో పిల్లా అంటది. నేను బిందె పట్టుకుని బాయి కాడికి పోవాలె. వచ్చేసరికి ఇంటినిండ వాసన ఉంటది. ఆమె ఏం వేసిందో ఇన్నేండ్లు నాకు చెప్పలే.

మా అత్త లేచింది. పిట్టను నా ముంగట చాప మీద పెట్టి చీరకు అంటిన ఈకలు దులుపుకున్నది. తిడుతదనుకున్న, శాపం పెడుతదనుకున్న. రెండూ లేవు.

"అటక మీద చిన్న కుండల ఎండిన ఇప్పపువ్వు ఉన్నది" అన్నది. "పెనం మీద వేంచి, పొడి చేసి, దించే ముంగట వెయ్. పిడికెడు కన్న ఎక్కువ వెయ్యకు, చేదొస్తది. వండుకో బిడ్డా. నేను అడ్డం రాను."

అని లోపలి అర్రలకు పోయి తలుపు దగ్గరికేసుకున్నది. ఇంత కాలం దాచుకున్నదాన్ని గంత అలకగ చేతుల పెట్టి పోతదని నేను కలల గూడ అనుకోలే. నాకు ఏడుపొచ్చింది. కోపం గూడ వచ్చింది. పోట్లాడి గెలిచి తీసుకుందామనుకున్నదాన్ని, ఆమె ఇచ్చి పోతే ఎట్ల తీసుకోవాలె?

మామ, మా ఆయన వాకిట్లకు పోయిన్రు. కచ్చురం జాడ ఇంక లేదని ఎవలో అన్నరు. నబీ కత్తి చేతుల పట్టుకుని, చెప్పు కోడలా అన్నట్టు నిలబడ్డడు.

నేను వంగి పిట్ట కడుపు కింద చెయ్యి పెట్టిన.

కాక. ఉత్త కాక కాదు. నా కొడుకు పుట్టినప్పుడు బాలింతగ నా ఒళ్లు గట్లనే కాలేది. మా అత్తనే రాత్రంత నా పక్కన కూసుని, పిల్లగాన్ని నీ ఒంటికి ఆనిచ్చుకో, గా కాక వానికే అని చెప్పేది. గీ పిట్ట కాక గీడ వంటింట్ల ఉన్నది. అది ఎవలికి కావాల్నో వాళ్లు బీడుల గడ్డి కింద ఉన్నరు.

"నబీ కాకా, తాడు కొయ్యి" అన్న. "దీన్ని ఏడ పట్టినవో గాడనే ఇడిసి రా."

నబీ కండ్లు పెద్దగ చేసిండు. పటేల్ నా తోలు తీస్తడు బిడ్డా అన్నడు. పటేల్‌కు నేను చెప్పుకుంట, ఎండ ముదరకముందే పో అన్న. ఇగ ఆయన అల్లా నీకు మంచి చెయ్యాలె అని గొణిగి, పిట్ట నెత్తి మీద రుమాలు కప్పి, సంకల పెట్టుకుని పెరటి దారిల పోయిండు. సైకిల్ చప్పుడు వినబడేదాంక నేను గాడనే నిలబడ్డ.

తర్వాత నా చేతులు ఆగలే. మా ఇంటి పుంజులు రెండిటిని పట్టిన, కోసిన, కడిగిన. నూరిన మసాల గదే. పొయ్యి గదే. దించే ముంగట ఇప్పపువ్వు పొడి పిడికెడు వేసిన. నన్ను నీళ్లకు పంపేటోళ్లు ఎవలూ లేరు. వాసన లేచింది. అచ్చం మా అత్త చెయ్యే.

మామకు చెప్దామనే అనుకున్న. గని వియ్యాలోళ్లు దిగనే దిగిన్రు. కాళ్లకు నీళ్లు, మంచిచెడ్డలు, మర్యాదలు. నడుమల మామ ఒక్కసారి వంటింటి గడప కాడికి వచ్చి ముక్కు ఎగబీల్చిండు. ఆయన మొఖం దీపం పెట్టినట్టు అయింది. "శబాష్ కోడలా" అని మళ్ల వాకిట్లకు ఉరికిండు. నా నోటికాడి మాట నోట్లనే ఉన్నది.

మా ఆయన కోళ్ల గంప కాడికి పోయి పుంజులు లేవని చూసుకున్నడు. తన ఉపాయమే నడుస్తుందని నాకు కన్ను గీటి పోయిండు. గాయన సంతోషం గాయనది.

పందిరి కింద అందరూ బంతిల కూసున్నరు. లక్ష్మీరాజం నడుమల కూసున్నడు. తెల్లటి ధోతి, చేతికి గడియారం, మిల్లు నడిపే మనిషి కదా, మాట గూడ తూకమేసినట్టు ఉన్నది. ఆయన పక్కన వాళ్ల అన్నదమ్ములు. గుంజకు ఆనుకుని మా రాజం. మామ అందరికంటె ఎనుక నిలబడి, తన బాపు డేరాల వడ్డించిన కథ చెప్తుండు. అర్ర తలుపు సందుల మా అత్త చీర కొంగు కనబడుతుంది. కూర వండిన గంజుల ఏమున్నదో ఆమెకూ తెల్వదు.

నేను గంజు పట్టుకుని పెద్ద చుట్టం లక్ష్మీరాజం ముంగట వంగిన. మామ కథ ఆపిండు. పందిరంత నా నోటి దిక్కే చూసింది.

"కోడికూర" అన్న.

గట్టిగనే అన్న. ఆ చివర కూసున్నోళ్లకు గూడ వినబడ్డది.

లక్ష్మీరాజం తలూపలే. ఇస్తారి మీద చెయ్యి అడ్డం పెట్టిండు. ఏమన్నవ్ బిడ్డా అని మళ్ల అడిగిండు.

"కోడికూర, చిన్నబాపూ. మా ఇంటి పుంజులు. బట్టమేకను పొద్దున తెచ్చిన్రు. అది పొదుగుకు కూసున్న పిట్ట. నేనే ఇడిసిపెట్టిచ్చిన. మామకు తెల్వదు, అత్తకు తెల్వదు. తప్పైతే నాది."

మా ఆయన నెత్తి పట్టుకున్నడు. రాజం మొఖంల నెత్తురు లేదు. లక్ష్మీరాజం నన్ను ఇడిసిపెట్టి మామ దిక్కు తిరిగిండు. మా బాపు మాట మీద గింత దూరం వచ్చినం పటేలా, కోడికూర మా కరీంనగర్ల దొరకదా, నా బిడ్డను ఇయ్యబోయే ఇంట్ల నా మాటకు గింతేనా ఇలువ అని నిదానంగనే అడిగిండు. నిదానంగ అడిగే కోపమే చెడ్డది.

మామ నన్ను చూసిండు. గిప్పుడే పుట్టింటికి పొమ్మంటడనుకున్న. పోదునేమో గూడ. గని తల మాత్రం దించలే.

మామ భుజం మీది కండువ తీసి గుంజకు వేసిండు. చెంబెడు నీళ్లతోని చెయ్యి కడిగిండు. ఒక ఇస్తారి తీసుకుని, వచ్చినోళ్లకు ఎదురుంగ కూసున్నడు. ఇంటి యజమాని చుట్టాలకంటె ముందు తినుడు మా దిక్కు ఎన్నడూ లేదు. పందిరి కింద గుసగుస లేచింది.

"నాకు వడ్డియ్ అనసూర్యా."

"కోడికూర మామా" అన్న. ఆయన తలూపిండు. వడ్డించిన.

ఒక ముద్ద తిన్నడు. నమిలిండు, మింగిండు.

"లక్ష్మీరాజం గారూ" అన్నడు. "మీతోని తలూపిచ్చి అబద్ధం తినిపియ్యొచ్చు మేము. మీకు తెలిసేది గూడ కాదు. నా కోడలు చెయ్యలే. బట్టమేకోళ్లన్న పేరు మా బాపు సంపాదిచ్చిండు. ఉన్నది ఉన్నట్టు వడ్డిస్తరన్న పేరు మా ఇంటి ఆడోళ్లు సంపాదిచ్చిన్రు. మొదటిది ఇయ్యాల పోతే పోయింది. రెండోది నా ఇంట్లనే ఉన్నది. తినాల్నో లేవాల్నో మీ ఇష్టం."

అర్ర తలుపు తెరుచుకున్నది. వియ్యాలోళ్ల ముంగటికి రాని మా అత్త కొంగు నెత్తిన కప్పుకుని గడప మీదికి వచ్చి నిలబడ్డది. మామను చూసింది. ఆయన తల వంచుకుని తింటున్నడు. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి, గని గొంతు మాత్రం పొయ్యి ముంగటి గొంతే.

"వడ్డన ఆపకు బిడ్డా" అన్నది నాతోని.

నేను మళ్ల లక్ష్మీరాజం ఇస్తారి కాడికి పోయి వంగిన. గంటె నింపుకున్న. పుట్టింట్ల గని, మెట్టింట్ల గని నాకు గంత గర్వం ఎన్నడూ రాలే. రాజం ఊపిరి తీస్తుండో లేదో తెలుస్తలేదు.

"కోడికూర, చిన్నబాపూ."

ఆయన చెయ్యి ఇంక ఇస్తారి మీద అడ్డంగనే ఉన్నది. గా చెయ్యి తీసేదాంక నేను పక్క ఇస్తారికి పోను.